మన పొలం మీద రాసిన పుస్తకం మన ఊరికి రావాలి

(నిజాంపట్నంలో రైతు సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం ఎప్పుడు కలిసినా మాట్లాడుకునే సంగతులు కొన్ని ఉన్నాయి. కాలువ నీరు శివారు భూములకు అందలేదని, మురుగు కాలువ పూడిక తీయలేదని, ధాన్యం డబ్బులు పడలేదని, కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఇవ్వలేదని మాట్లాడుకుంటాం. ఈ రోజు కూడా ఆ సంగతులే మాట్లాడుకుందాం. కాకపోతే ఇంకో వైపు నుంచి వద్దాం. మన పిల్లలు కాలేజీల్లో ఏం చదువుతున్నారు? దేని మీద పరిశోధన చేస్తున్నారు? ఆ పరిశోధనకూ మన పొలానికీ సంబంధం ఏమిటి?

మీలో ఎంతమంది పొలానికి కాగితాలు పట్టుకున్న విద్యార్థులు వచ్చారో చేతులెత్తండి. చూశారా, సగం మందికి పైగా ఉన్నారు. మట్టి తీసుకెళ్లినవాళ్లు, బోరు నీళ్లు సీసాలో పట్టుకెళ్లినవాళ్లు, ఆకులు కోసుకెళ్లినవాళ్లు, గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలడిగి రాసుకెళ్లినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ మట్టిలో ఏం తేలిందో, ఆ కాగితాల్లో ఏం రాశారో ఎంతమందికి తిరిగివచ్చి చెప్పారు? ఇద్దరు ముగ్గురు కూడా లేరు. ఈ రెండు లెక్కల మధ్య ఉన్న తేడా గురించే మా మాట.

ముందు ఒక అపోహ తీసేద్దాం. పరిశోధన అంటే తెల్లకోటు వేసుకుని గాజు గొట్టాల్లో రంగునీళ్లు కలపడం అని మనలో చాలామంది అనుకుంటాం. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. అక్కడ పీజీ చదివే ప్రతి విద్యార్థీ ఒక విషయం తీసుకుని, ప్రయోగమో సర్వేనో చేసి, పుస్తకం రాసి ఇస్తేనే పట్టా చేతికి వస్తుంది. ఒకరు సస్యవిజ్ఞానం చదువుతారు. వరి కోసిన మడిలో దున్నకుండా మొక్కజొన్న వేస్తే ఎరువు ఎంత, ఎప్పుడు వేయాలి అని చూస్తారు. ఇంకొకరు కీటకశాస్త్రంలో దోమపోటు మీద, మరొకరు తెగుళ్ల శాఖలో మినుముకు వచ్చే పల్లాకు తెగులు మీద పనిచేస్తారు. నేలల శాఖలో చౌడు, ఆర్థిక శాఖలో సాగు ఖర్చు, విస్తరణ శాఖలో రైతు ఎవరి మాట విని మందు కొంటున్నాడు అనేదీ పరిశోధన విషయాలే. అక్కడే వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. యంత్రాలు, కాలువలు, మురుగు పారుదల వాళ్ల సబ్జెక్టులు.

ఇక నాగార్జున విశ్వవిద్యాలయం, తెనాలి, రేపల్లె, బాపట్ల డిగ్రీ కాలేజీల పిల్లల సంగతి. వృక్షశాస్త్రం చదివే అమ్మాయికి మన తీరంలోని మడ అడవి పాఠ్యాంశం. జంతుశాస్త్రం చదివే అబ్బాయికి రొయ్యల జబ్బు పాఠ్యాంశం. న్యాయశాస్త్రం వాళ్లకు కౌలు చట్టం, చరిత్ర వాళ్లకు నిజాంపట్నం రేవు. మన ఊరిని ఒకప్పుడు విదేశీ వర్తకులు పెటపోలి అని రాసుకున్నారు. డచ్చివాళ్లు 1606లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ 1611లో వచ్చింది. ఈ తీరంలో కొన్న నూలు బట్టలు ఎక్కడెక్కడికి వెళ్లాయి, నేసినవాడికి ఏం దక్కింది అనేది కూడా ఒక విద్యార్థి పరిశోధించదగిన సంగతే. ఇప్పుడు మన రొయ్య ఓడ ఎక్కుతోంది. పెంచినవాడికి ఏం దక్కుతోంది అన్న ప్రశ్న దానికి కొనసాగింపే.

చివరికి మన నోటి మాట కూడా పరిశోధన విషయం అయింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో జిల్లా జిల్లాకూ తిరిగి, నాగలి భాగాలను, కొలతలను, పశువుల జబ్బులను రైతు ఏ ఊళ్లో ఏమంటాడో సేకరించి మాండలిక వృత్తిపదకోశం తయారుచేశారు. అందులో మొదటి సంపుటి వ్యవసాయ పదాలదే. 1962లో వచ్చింది. ఆ మాటల్లో చాలా వాటిని మన మనవలు వినలేదు. ట్రాక్టరు వచ్చాక నాగలి భాగాల పేర్లతో పని లేకుండా పోయింది. కానీ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి పోలేదు. పరిశోధన వల్ల ఒక లాభం అది.

ఇప్పుడు మనకు దగ్గరైన సంగతికి వద్దాం. నీళ్లు.

ఇసుక నేలల్లో దొరువు అంటే ఏమిటో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇసుకలో గుంట తీస్తే ఊరే మంచినీరు. కడవలతో ముంచి నారుకూ మొక్కలకూ పోసేవారు. పక్కనే లోతుగా బోరు వేస్తే ఉప్పు నీళ్లు వస్తాయి. ఎందుకు? వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. ఇసుక కింద మంచినీరు పలచటి పొరలాగా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. భూగర్భ జలాల పాఠంలో పిల్లలు నేర్చుకునే లెక్క ఒకటుంది. తీరప్రాంతంలో మంచినీటి మట్టం ఒక అడుగు దిగిపోతే, అడుగున ఉన్న ఉప్పునీరు నలభై అడుగుల దాకా పైకి రావచ్చు. అంటే మోటారు పెట్టి ఒకేచోట గట్టిగా లాగితే మన చేతులతో మనమే ఉప్పును పైకి పిలిచినట్టు.

మన తాతలు ఈ లెక్క చదవలేదు. కానీ దొరువు లోతుగా తవ్వకూడదని వాళ్లకు తెలుసు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు చేసిన మంచి పని ఏమిటంటే, ఆ దొరువును పనికిరాని పాత పద్ధతి అని పక్కన పెట్టలేదు. అందులో ఉన్న తెలివిని పట్టుకున్నారు. ఇసుకలో కొద్ది లోతున చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, చుట్టూ ఊరే పైనీటిని ఒక బావిలోకి చేర్చి, అక్కడి నుంచి తోడే ఏర్పాటు చేశారు. ఒకేచోట లాగకుండా, విశాలంగా పైపైన మీగడ తీసినట్టు తీస్తే ఉప్పు పైకి రాదు. దాన్నే మెరుగుపరచిన దొరువు పద్ధతి అంటున్నారు. రైతుకు తెలిసినదానికి శాస్త్రం కొలత తోడయితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు.

నల్లరేగడిలో సమస్య వేరు. అక్కడ నీరు దిగదు, మురుగు పోదు, ఎండకు ఉప్పు పైకి పొడుస్తుంది. కోనంకి, ఉప్పుగుండూరు దగ్గర నేల అడుగున చిల్లుల గొట్టాలు వేసి మురుగును, దానితో ఉప్పును బయటికి పంపే ప్రయోగాలు జరిగాయి. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. గొట్టం తెచ్చిన మురుగు బయటికి పోవడానికి బయటి మురుగు కాలువ లోతుగా, పూడిక లేకుండా ఉండాలి. అంటే పొలంలో శాస్త్రం గెలవాలంటే పొలం బయట ప్రభుత్వం పని చేయాలి. పూడిక తీయమని మనం ధర్నా చేయడానికీ, విద్యార్థి చౌడు మీద పుస్తకం రాయడానికీ సంబంధం లేదని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

రెండో సంగతి విత్తనం. బీపీటీ 5204 అనని రైతు లేడు. అందులో బీపీటీ అంటే బాపట్ల. 1986లో విడుదలైంది. దాని పుట్టుక చూడండి. కోయంబత్తూరు పాత సన్నరకం జీఈబీ 24, తైవాన్ నుంచి వచ్చిన పొట్టిరకం, మలేషియా దారిన వచ్చిన మసూరి, ఈ మూడింటి రక్తం దానిలో ఉంది. మన పక్కన పుట్టిన విత్తనం దేశమంతా పాకింది. అన్నం బాగుంటుంది. కానీ ఆకు ఎండు తెగులుకు లొంగిపోతుంది. ఆ లోపం సరిచేయడానికి హైదరాబాదులో వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి పనిచేశాయి. తెగులును తట్టుకునే మూడు జన్యువులను గుర్తు పట్టి, సంకరం ద్వారా అదే సాంబ మసూరిలోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశారు. అసలు రకం వచ్చిన ఇరవై ఏళ్లు దాటాక అది వచ్చింది. ఇందులో కంపెనీ రాయల్టీ లేదు, ఏటా కొత్త ప్యాకెట్ కొనమనే షరతు లేదు. రైతు తన గాదెలో దాచుకుని మళ్లీ చల్లుకోగల విత్తనం అది. ప్రభుత్వ కాలేజీ, ప్రభుత్వ పరిశోధన కేంద్రం బతికి ఉండాలని మనం ఎందుకు అడుగుతున్నామో దీన్నిబట్టి తెలుస్తుంది. వాటిలో ఖాళీలు నింపకపోతే, ప్రయోగాలకు డబ్బు ఇవ్వకపోతే, మనకు విత్తనం గురించి చెప్పేది విత్తనం అమ్మేవాడే అవుతాడు.

మూడోది చెరువులు. ఇక్కడ మనవాళ్లలోనే రెండు మాటలున్నాయి, దాచుకోవడం దేనికి? వరిలో ఏమీ మిగలక పొలాన్ని రొయ్యల చెరువు చేసినవాళ్లున్నారు. పక్క చెరువు ఉప్పునీరు గట్టు దాటి తన వరి చచ్చిపోయిందని ఏడ్చేవాళ్లున్నారు. ఇద్దరూ మన సంఘం సభ్యులే. 1994–95లో తెల్లమచ్చల జబ్బు వచ్చి టైగర్ రొయ్య ఊడ్చిపెట్టుకుపోయింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేశారు. 2009 నుంచి వనామి వచ్చింది. ఈ కథలో జంతుశాస్త్రం ఉంది, నేలల శాస్త్రం ఉంది, చట్టం ఉంది, ఎగుమతి ధరల ఆర్థికశాస్త్రం ఉంది. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ముక్క చదువుతున్నాడు. చెరువు గట్టు ఇవతలి వరిమడిలో ఉప్పు ఎంత దూరం వచ్చింది, ఎన్ని ఏళ్లకు వచ్చింది, చెరువు మానేస్తే మళ్లీ వరి పండటానికి ఎన్ని వానాకాలాలు పడుతుంది అని కొలిచి చెబితే, మనం ఒకరి మీద ఒకరు కేకలేసుకోవడం తగ్గి, కొలత ముందు పెట్టుకుని మాట్లాడుకోగలం. ఈ ప్రశ్నను కాలేజీకి పంపాల్సింది మనమే.

ఇక మనం ఒప్పుకోవలసిన ఒక తప్పు ఉంది.

కొంతకాలం కిందట ఒక కాలేజీ నుంచి వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివే అమ్మాయి సర్వేకు వచ్చింది. మా సంఘం వాళ్లమే ఊళ్లోకి తీసుకెళ్లాం. భూస్వామి ఇంటి అరుగు మీద నీడగా ఉందని అక్కడే కూర్చోబెట్టాం. మా సభ్యుడు ఒకాయన వచ్చి కూర్చున్నాడు. సొంతం ఎకరంన్నర, కౌలు నాలుగు ఎకరాలు. ఆ నాలుగు ఎకరాలూ ఆ అరుగు ఆసామివే.

“బాబాయ్ గారూ, మీరు సాగు చేసేది ఎంత?” అని అమ్మాయి అడిగింది.

“అయిదున్నర ఎకరాలమ్మా.”

“అంతా మీదేనాండీ?”

ఆయన లోపలి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. “ఆఁ, మాదే తల్లీ” అన్నాడు. ఆ అమ్మాయి అలాగే రాసుకుంది. మేము పక్కనే ఉన్నాం. మాకు నిజం తెలుసు. మేమూ నోరు విప్పలేదు.

ఆయన్ని తప్పు పట్టలేం. కౌలు అని కాగితం మీద పడితే వచ్చే ఏడు భూమి ఉండదని భయం. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, దానికి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెట్టని యజమాని దగ్గర కౌలు రైతు ఏం చేయగలడు? అందుకే అబద్ధం చెప్పాడు. కానీ ఆ అబద్ధం ఖరీదు ఎంతో ఇప్పుడు లెక్క వేద్దాం.

మద్దతు ధర ఎలా లెక్క కడతారో మీకు తెలుసు. చేతి నుంచి పెట్టిన ఖర్చు, కౌలు భూమికి చెల్లించిన కౌలు కలిపితే ఏ2 అంటారు. దానికి ఇంటివాళ్ల శ్రమ విలువ కలిపి, ఆ మొత్తానికి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని కేంద్రం చెబుతోంది. సొంత భూమి అద్దె విలువ, పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే సీ2. సీ2 మీద యాభై శాతం కలిపి ఇవ్వాలని మనం అడుగుతున్నాం. 2025–26 ఖరీఫుకు సాధారణ రకం వరికి ఖర్చు క్వింటాకు 1,579 రూపాయలని, ధర 2,369 రూపాయలని ప్రకటించారు. మన 75 కిలోల బస్తాకు చూస్తే ఖర్చు 1,184, ధర 1,777 రూపాయలు.

మాట వరసకు ఎకరాకు 30 బస్తాలు పండాయనుకుందాం. కౌలు 12 బస్తాలు కొలిచాం అనుకుందాం. ఆ 12 బస్తాల విలువ 21 వేల పైచిలుకు. పండిన 30 బస్తాల మీద పరిస్తే బస్తాకు 710 రూపాయలు. “అంతా మాదే తల్లీ” అన్న ఒక్క మాటతో బస్తాకు 710 రూపాయల ఖర్చు ఆ కాగితంలో లేకుండా పోయింది. ప్రభుత్వం వాడే సాగు ఖర్చుల సర్వే వేరు, ఆ అమ్మాయి పరిశోధన వేరు. నిజమే. ఆ సర్వేను కూడా రాష్ట్రాల్లో ఎక్కువగా వ్యవసాయ విశ్వవిద్యాలయాల ద్వారానే చేయిస్తారు. అక్కడా అడిగేది ఈ ప్రశ్నలే, జవాబు చెప్పేది మనలాంటివాళ్లే. ఒకచోట అరుగు చూసి భయపడ్డ మనిషి ఇంకోచోట ధైర్యంగా చెబుతాడా? ఖర్చులు తక్కువ రాశారని ఢిల్లీలో ధర్నా చేస్తాం. ఆ ఖర్చును మన ఊళ్లో మనమే దాచిపెట్టాం.

ఇంకొకటి కూడా దాగిపోయింది. ఆ రోజు ప్రశ్నలన్నీ మగవాళ్లనే అడిగారు. నాట్లు, కలుపు, పేడ, పాలు, కూలీలకు అన్నం వండి పొలానికి మోయడం, ఇవేవీ కుటుంబ శ్రమ గడిలో సరిగా పడలేదు. ఇంట్లో ఆమెను అడిగి ఉంటే గంటలు వేరేగా వచ్చేవి.

సరిగ్గా అడిగి సరిగ్గా రాస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెప్పిన గిల్బర్ట్ స్లేటర్ 1916లో తన విద్యార్థులకు ఒక పని చెప్పాడు. సెలవుల్లో మీ ఊళ్లకు వెళ్లి భూమి ఎవరిది, అప్పు ఎంత, కూలి ఎంత, ఏం తింటున్నారు అని రాసుకురండి అన్నాడు. అవి 1918లో పుస్తకంగా వచ్చాయి. మీలాంటి కాలేజీ పిల్లలు రాసినవే. ఇరవై ఏళ్ల తర్వాత వేరేవాళ్లు ఆ ఊళ్లలో కొన్నింటికి మళ్లీ వెళ్లారు. ఆ తర్వాత కూడా వెళ్లారు. అందువల్ల ఒక ఊరి భూమి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో అరవై డెబ్బై ఏళ్ల చరిత్ర దొరికింది.

మన నిడుబ్రోలులో పుట్టిన ఎన్.జి. రంగా గారు ఆక్స్‌ఫర్డులో చదివి వచ్చి 1926లో గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత నిడుబ్రోలులోనే రైతు విద్యాలయం పెట్టారు. రైతు కార్యకర్తకు ఉపన్యాసం ఒక్కటే వస్తే చాలదు, లెక్క కూడా రావాలని ఆయన తరం నమ్మింది. 1974లో పుచ్చలపల్లి సుందరయ్య గారు మన కొల్లూరు మండలం అనంతవరంలోనూ, కాజలోనూ ఇంటింటి సర్వే చేశారు. భూమి ఎవరికి ఎంత ఉంది, కూలి పనికి ఎవరు వెళుతున్నారు అని వర్గాల వారీగా తేల్చారు. దాదాపు ముప్ఫై ఏళ్ల తర్వాత వ్యవసాయ అధ్యయనాల పరిశోధకులు అదే అనంతవరానికి మళ్లీ వచ్చి ఇల్లిల్లూ తిరిగారు. ఆ పుస్తకం 2010లో వచ్చింది. కౌలు సాగు ఎంత విస్తరించిందో, కౌలు భారం ఎంతో దానిలో ఉంది. ఇవాళ కౌలు రైతు గురించి అసెంబ్లీలోనో కోర్టులోనో ఎవరైనా మాట్లాడాలంటే ఇలాంటి పుస్తకాలే ఆధారం. అనంతవరం రైతులు నిజం చెప్పారు కాబట్టి ఆ ఆధారం నిలిచింది.

అందుకని మేము కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాం.

మొదటిది మన పని. సర్వేకు వచ్చే విద్యార్థిని ఇకమీదట ఎవరి అరుగు మీదా కూర్చోబెట్టవద్దు. పొలం గట్టు మీదకో, సంఘం ఆఫీసుకో, మన ఇంటి వసారాకో తీసుకెళదాం. పేరు బయటపెట్టబోమని మాట తీసుకుందాం. ఆ తర్వాత కౌలు ఎంత, అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత అన్నది ఉన్నది ఉన్నట్టు చెబుదాం. ఇంట్లో ఆడవాళ్లను విడిగా అడగనిద్దాం.

రెండోది సంఘం పని. ప్రతి శాఖలో ఒక నోటుబుక్కు పెడదాం. ఏ కాలేజీ నుంచి ఎవరు వచ్చారు, ఏ విషయం మీద, ఎవరి పొలంలో ఏం తీసుకెళ్లారు, ఎప్పటికి పూర్తవుతుంది అని రాసుకుందాం. ఏడాది తర్వాత ఆ విద్యార్థికి, ఆ గురువుకు ఒక కార్డు ముక్క రాద్దాం. “ఫలితం ఏమైందయ్యా?” అని అడగడానికి మొహమాటం దేనికి? మట్టి మనది.

మూడోది కాలేజీలను అడగవలసింది. వ్యవసాయ పరిశోధన గ్రంథాలు కృషికోశ్‌లో, ఇతర విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ గ్రంథాలు శోధగంగలో ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. మంచిదే. కానీ వ్యవసాయ గ్రంథాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. రెండు వందల పేజీల పుస్తకం మాకు అక్కర్లేదు. ఏం అడిగాం, ఏం తేలింది, రైతు ఏం చేయాలి, ఏం చేయకూడదు అని రెండు పేజీలు తెలుగులో రాసి, ఆ ఊరి రైతు సేవా కేంద్రం గోడకు అంటించండి. పట్టా ఇచ్చే ముందు ఈ రెండు పేజీలు ఇవ్వాలనే నియమం పెట్టండి. ఫలితం రాకపోతే రాలేదని రాయండి. ఫలానా మందు పనిచేయలేదని తెలియడం కూడా మాకు డబ్బు మిగిల్చే సంగతే.

నాలుగోది ఇక్కడున్న పిల్లలకు. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో మీరు ఊళ్లో ఉండి రైతుతో పనిచేస్తారు. డిగ్రీ చదివేవాళ్లకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. దాన్ని పాత రికార్డు చూసి కాపీ కొట్టి ముగించవచ్చు. లేదా మీ సొంత ఊరికి వచ్చి, ఇల్లిల్లూ తిరిగి, శివారు మడికి నీరు ఏ తేదీన వచ్చిందో, ఏ బోరులో ఉప్పు ఎంతుందో, ఏ ఇంట్లో కౌలు ఎంతో రాయవచ్చు. మీది కామర్స్ అయినా, తెలుగు అయినా, కంప్యూటర్ అయినా సరే. కామర్స్ అమ్మాయి ధాన్యం తూకంలో, తేమ కోతలో పోయే డబ్బు లెక్క కట్టవచ్చు. తెలుగు చదివే అబ్బాయి తాతయ్య నోట మిగిలిన సాగు మాటలు రాసుకోవచ్చు. కంప్యూటర్ చదివేవాడు ఆ ఉప్పు లెక్కలన్నీ ఒక పటం మీద పెట్టవచ్చు. మీరు ఏ సబ్జెక్టు చదివినా దానికి ఈ ఊళ్లో ఒక ప్రశ్న ఉంది.

మేము తయారుచేసిన ప్రశ్నల్లో కొన్ని చెబుతాం, మీ దగ్గరివి కలపండి. రొయ్యల చెరువు మానేసిన భూమి ఎన్నాళ్లకు బాగుపడుతుంది? వరికోత యంత్రం వచ్చాక కోతకు ముందు చల్లే మినుము తగ్గిపోయింది, ఆ యంత్రం కింద బతికే పద్ధతి ఏదైనా ఉందా? శివారులో ఒక తడి ఆలస్యమైతే ఎన్ని బస్తాలు పోతాయి? దుకాణందారు చెప్పిన మందుకూ, శాస్త్రవేత్త చెప్పిన మందుకూ ఎకరాకు ఖర్చు తేడా ఎంత? మడ అడవి ఉన్నచోట, లేనిచోట తుఫాను ఉప్పెన పొలంలోకి ఎంత వచ్చింది? 1977 నవంబరు ఉప్పెన చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు, వాళ్లను ఎవరు అడిగి రాసుకుంటారు? ఆలస్యం చేస్తే ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు ఉండరు.

ఆ అరుగు మీద అబద్ధం చెప్పిన మా సభ్యుడి సంగతి ముగించి సెలవు తీసుకుంటాం. ఆ సాయంత్రం మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. మర్నాడు పొద్దున్నే ఆయన మమ్మల్ని వెంటబెట్టుకుని బస్టాండుకు వచ్చాడు. ఆ అమ్మాయి బస్సు కోసం నిలబడి ఉంది. “అమ్మా, నిన్న ఒకటి తప్పు చెప్పాను, దిద్దుకో” అన్నాడు. ఆమె సంచిలోంచి కాగితం తీసి, గడి కొట్టేసి, ఎకరంన్నర సొంతం, నాలుగు ఎకరాలు కౌలు అని రాసుకుంది. ఒక కాగితం సరయింది. మనం సరిచేయవలసిన కాగితాలు ఇంకా చాలా ఉన్నాయి. ఈ సీజనులో సర్వేకు వచ్చే పిల్లలతోనే ఆ పని మొదలుపెడదాం.